కొలువు పోయినా మాట మార్చని మాస్టారు.. గోరా
నాలుగు మతాల నీడలోని కళాశాలల్లో పాఠం చెప్పిన నాస్తికుడు
బడి ప్రార్థనపై నేటికీ తెగని ప్రశ్నకు ఆయన జీవితమే ఒక సమాధానం

గోదావరిఖని: బడి గంట మోగగానే పిల్లలు వరుసల్లో నిలబడడం, చేతులు జోడించి ప్రార్థన పాడడం తెలుగునాట తరతరాలుగా సాగుతున్న ఆనవాయితీ. బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం కొలువుల కోసం అనేక జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో ఏర్పడిన ఊరు గోదావరిఖని. ఇక్కడి బడుల్లో ఒకే వరుసలో నిలబడే పిల్లల ఇళ్లలో ఒకే దేవుడు ఉండడు. గనిలోకి దిగే ముందు మైసమ్మకు మొక్కే కార్మికుడి బిడ్డ పక్కన నమాజు చేసే ఇంటి బిడ్డ, ఆ పక్కన ఆదివారం చర్చికి వెళ్లే ఇంటి బిడ్డ నిలబడతారు. ఏ దేవుడినీ నమ్మని ఇంటి బిడ్డ కూడా అదే వరుసలో ఉండవచ్చు. ఆ బిడ్డ పెదవులు కదపకపోతే తప్పా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఆ ప్రశ్నకే ఉద్యోగం, ఇల్లు, కులం, బంధువర్గం మూల్యంగా చెల్లించిన తెలుగు ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయనే గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు.

ఛాయాచిత్రాల్లో ఖద్దరు ధరించి కనిపించే ఆయనను చూసినవారు గాంధేయవాది అనుకుంటారు. ఆ మాట నిజమే. నాస్తికుడన్నా నిజమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నదే ఆయన జీవిత కథ.

సంప్రదాయ కుటుంబంలో పుట్టి..

గోరా 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో జన్మించారు. నాడు మద్రాసు రాజధానిలో ఉన్న ఆ ప్రాంతం నేడు ఒడిశాలో ఉంది. ఆయనది నిష్ఠాపరులైన బ్రాహ్మణ కుటుంబం. పూజలు, మడి, ఆచారాల మధ్య బాల్యం గడిచింది. కాకినాడలో చదువుకున్నారు. అనంతరం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. 1922లో సరస్వతితో వివాహం జరిగింది. అప్పటికి ఆమె వయసు పదేళ్లు. ఆనాటి ఆచారం ప్రకారం జరిగిన బాల్యవివాహమది. ఆ బాలికే తరువాత భర్తతో సమానంగా నాస్తికోద్యమాన్ని నడిపించిన సరస్వతీ గోరా.

రామచంద్రరావు పుట్టు నాస్తికుడు కారు. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా ఏ విషయాన్నయినా పరీక్షించి చూసే అలవాటు ఆయనకు అబ్బింది. దయ్యాలున్నాయని జనం భయపడే ఇంట్లో కాపురం ఉండి చూశారు. గర్భవతులు గ్రహణం చూడరాదన్న నమ్మకాన్ని సరస్వతి తానే స్వయంగా పరీక్షకు పెట్టారు. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. ఒక్కో నమ్మకాన్ని ఈ విధంగా పరీక్షిస్తూ వచ్చి, చివరకు దేవుడన్న భావన వద్దకు చేరారు. జంధ్యం తీసివేశారు. తండ్రి ఇంటి నుంచి వెళ్లిపొమ్మన్నారు. కులం వెలివేసింది. చంటిబిడ్డతో ఆ దంపతులు వీధిలోకి వచ్చారు.

నాలుగు కళాశాలలు.. నాలుగు విశ్వాసాలు

గోరా ఉద్యోగ జీవితంలో గమనించదగ్గ విశేషం ఒకటుంది. ఆయన పనిచేసిన విద్యాసంస్థల్లో నాలుగింటికి నాలుగు వేర్వేరు విశ్వాసాల నేపథ్యముంది. 1925లో తొలి కొలువు మదురైలోని అమెరికన్ కళాశాలలో దొరికింది. అది క్రైస్తవ మిషనరీలు నెలకొల్పిన సంస్థ. మతం మార్చుకుంటే అమెరికాలో పైచదువులకు దారి ఏర్పడే అవకాశం అక్కడ వచ్చింది. ఆయన దానిని వదులుకున్నారు. పై చదువు ఇష్టం లేక కాదు, నమ్మని దానిని నమ్మినట్లు చెప్పడం ఇష్టం లేక.

కోయంబత్తూరులో కొంతకాలం పనిచేసిన అనంతరం కొలంబోలోని ఆనంద కళాశాలకు వెళ్లారు. అది బౌద్ధుల విద్యాసంస్థ. అక్కడి నుంచి తిరిగివచ్చి కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. ఆ కళాశాలకు ఆంధ్రదేశంలో గొప్ప పేరుంది. బ్రహ్మసమాజ నాయకుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉండి, కులభేదాలను ధిక్కరించి, దళిత విద్యార్థులకు తలుపులు తెరిచిన సంస్థ అది. విగ్రహారాధనను కాదన్న బ్రహ్మసమాజం ఏకేశ్వరోపాసనకు మాత్రం కట్టుబడి ఉంది. సంఘ సంస్కరణకు నిలయమైన ఆ ప్రాంగణం కూడా దేవుడే లేడన్న అధ్యాపకుడిని భరించలేకపోయింది. నాస్తిక భావాలను వెల్లడించిన కారణంగా 1933లో ఆయనకు ఉద్వాసన పలికింది.

తరువాతి మజిలీ మచిలీపట్నంలోని హిందూ కళాశాల. అక్కడా అదే చిక్కు ఎదురైంది. 1939లో మళ్లీ నాస్తికతే నేరమైంది. పాఠం సరిగా చెప్పలేదన్నది రెండు చోట్లా ఆరోపణ కాదు. తరగతి గదిలో ఆకును, పువ్వును, వేరును బోధించిన తీరుపై ఫిర్యాదు లేదు. మనసులోని మాటను బయటకు చెప్పడమే ఆయన చేసిన తప్పయింది. అప్పటికి పిల్లలు గల సంసారి. ఇంకొక కళాశాలను వెతుక్కోవచ్చు, నోరు మూసుకుని జీతం తీసుకోవచ్చు. ఆయన ఆ రెండింటినీ కాదని 1940లో అధ్యాపక వృత్తికే స్వస్తి చెప్పారు.

ముదునూరులో నాస్తిక కేంద్రం

కృష్ణా జిల్లా ముదునూరు గ్రామం ఆయనను ఆదరించింది. 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం ప్రారంభమైంది. వయోజనులకు చదువు చెప్పడం, అంటరానితనాన్ని తొలగించడం ప్రధాన కార్యక్రమాలయ్యాయి. పున్నమి రాత్రుల్లో అన్ని కులాల వారు ఒకచోట కూర్చుని తినే సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేశారు. మాలమాదిగ పల్లెల వారి పక్కన అగ్రకులాల వారు విస్తరి వేసుకుని కూర్చోవడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో గోరా జైలుకు వెళ్లారు. సరస్వతి సైతం చంటిబిడ్డతో జైలు జీవితం గడిపారు. స్వాతంత్య్రం వచ్చిన 1947లో నాస్తిక కేంద్రాన్ని విజయవాడ పటమటకు మార్చారు. ఆ కేంద్రం ఆయన తదనంతరమూ కొనసాగింది.

పిల్లల పేర్లలోనూ ఆయన పద్ధతి ప్రత్యేకమే. దేవుళ్ల పేర్లు గాని, కులాన్ని సూచించే తోకలు గాని లేవు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారుడికి లవణం అని పేరు పెట్టారు. ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టిన కుమారుడు సమరం. నియంతలు ప్రపంచాన్ని వణికిస్తున్న కాలంలో పుట్టినవాడు నియంత. తొమ్మిదో సంతానానికి నౌ అన్నారు. బడి రిజిస్టరులో మతం, కులం కనిపించకుండా ఒక పేరు ఉండగలదని ఆ ఇల్లు నిరూపించింది. ఆ పిల్లల్లో సమరం వైద్యునిగా తెలుగు పాఠకులందరికీ తెలిసినవారు. కుమార్తె చెన్నుపాటి విద్య విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ప్రార్థనల ఆశ్రమంలో నాస్తికుడు

గోరా జీవితంలో అతి ముఖ్య ఘట్టం గాంధీజీతో పరిచయం. 1944లో ఆయన వార్ధా సమీపంలోని సేవాగ్రామానికి వెళ్లారు. ఉదయం, సాయంత్రం ప్రార్థనలే ఆ ఆశ్రమ దినచర్యకు వెన్నెముక. ప్రార్థన లేనిదే తాను బతకలేనని నమ్మిన మహాత్ముడు ఒకవైపు, ప్రార్థనకు అర్థమే లేదనుకున్న ఆంధ్ర ఉపాధ్యాయుడు ఒకవైపు. ఈ ఇద్దరి మధ్య సంభాషణ తెగిపోలేదు. నడకలో, కుటీరంలో సాగుతూనే వచ్చింది.

నాస్తికత్వం ఎందుకని గాంధీజీ అడిగారు. గోరా సమాధానంగా కలకత్తా వీధులను చూపించారు. బెంగాల్ కరవులో ఆకలితో చనిపోతున్న అన్నార్తులు ఎదుటనే ఉన్న మిఠాయి దుకాణాల జోలికి కూడా పోలేదు. అంతా తలరాత అనుకోవడమే ఆ నిస్సహాయతకు కారణమని ఆయన వాదించారు. దేవుడి మీద భారం వేసే మనిషి తన శక్తిని తాను మరచిపోతాడన్నది ఆయన సిద్ధాంత సారం. గాంధీజీ ఆ వాదనను అంగీకరించలేదు. అలాగని కొట్టివేయనూ లేదు. తన ఆస్తికత ఒప్పని, గోరా నాస్తికత తప్పని తీర్పు చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్వేషకులమేనని, తప్పని తేలినప్పుడు ఎవరి మార్గం వారు దిద్దుకోవాలని భావించారు. ప్రార్థించనివాడు పనికిరానివాడన్న మాట ఆ ఆశ్రమంలో వినిపించలేదు.

ఈ సహనానికి పెద్ద పరీక్ష పెళ్లి రూపంలో వచ్చింది. పెద్ద కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి వివాహం చేయాలని గోరా నిశ్చయించారు. వధూవరుల్లో ఒకరు హరిజనులైతేనే పెళ్లికి వస్తానని గాంధీజీ అప్పటికే నియమం పెట్టుకున్నారు. సేవాగ్రామంలో తానే ఆ వివాహం జరిపించడానికి ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుని సాక్షిగా అన్న మాట ఎలా అన్న సందేహం తలెత్తింది. ఆ మాటకు బదులు సత్యం సాక్షిగా అనేందుకు మహాత్ముడు సమ్మతించారు. అయితే 1948 జనవరి 30న ప్రార్థన సభకు నడిచి వెళుతుండగానే ఆయన హత్యకు గురయ్యారు. ఇచ్చిన మాట ఆగిపోలేదు. అదే ఏడాది మార్చి 13న సేవాగ్రామంలో ఆ పెళ్లి జరిగింది. ఈ అనుభవాలన్నింటినీ గోరా గ్రంథస్థం చేయగా, గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థ 1951లో ప్రచురించింది.

మహాత్ముడు తన ప్రార్థన సభల్లోనూ ఇదే పద్ధతి పాటించారు. 1947లో ఢిల్లీ సభల్లో ఖురాన్ పఠనానికి కొందరు అభ్యంతరం చెప్పినప్పుడు, బలవంతంగా కొనసాగించలేదు. అభ్యంతరం ఉన్న రోజు ప్రార్థన ఆపివేశారే గాని, ఖురాన్‌ను తొలగించి మిగిలినది చదవడానికి అంగీకరించలేదు.

పాడినందుకు బహిష్కరణ.. పాడనందుకు బహిష్కరణ

కళాశాల ప్రాంగణంలో విశ్వాసానికి సంబంధించిన ఘర్షణ కోస్తాకే పరిమితం కాలేదు. తెలంగాణలో అదే కాలంలో మరో రూపంలో జరిగింది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలోని ప్రార్థనా మందిరంలో విద్యార్థులు వందేమాతరం పాడడాన్ని నిజాం ప్రభుత్వం నిషేధించింది. విద్యార్థులు లొంగలేదు. ఉద్యమం హనుమకొండ కళాశాలకూ పాకింది. అనేకమంది బహిష్కరణకు గురయ్యారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి చోటిచ్చి ఆదుకుంది. అలా చదువు కోల్పోయి నాగపూర్ దారి పట్టిన వారిలో ఒకరు పి.వి.నరసింహారావు. గోదావరిఖనికి పొరుగునే ఉన్న మంథని నియోజకవర్గానికి 1957 నుంచి 1977 వరకు ప్రాతినిధ్యం వహించి, తరువాత ప్రధాని పదవిని అధిష్ఠించిన నేత ఆయన.

1938లో పాడినందుకు విద్యార్థులకు చదువు పోయింది. 1939లో దేవుణ్ని నమ్మనందుకు అధ్యాపకుడి కొలువుకు ముప్పు వచ్చింది. పైకి చూస్తే ఒకదానికొకటి విరుద్ధం. లోతుకు వెళితే రెండింటిలో ఉన్నది ఒకే ముడి. విద్యాసంస్థను నడిపేవారి విశ్వాసానికి అందరి గొంతూ లోబడి ఉండాలన్న పట్టుదలే ఆ ముడి.

రాజ్యాంగం ఏమి చెప్పింది

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ ముడిని విప్పే ప్రయత్నం చేసింది. 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చింది. 28వ అధికరణ బడులకు నేరుగా వర్తిస్తుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని అది నిర్దేశించింది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందుతున్న సంస్థల్లో ప్రార్థన, పూజ వంటివి జరిగినా, సమ్మతి లేనిదే ఎవరినీ పాల్గొనమని ఒత్తిడి చేయరాదు. మైనరు పిల్లల విషయంలో తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి తప్పనిసరి.

ఈ స్ఫూర్తి న్యాయస్థానంలో వెలుగు చూసింది ఒక తెలుగు న్యాయమూర్తి చేతుల మీదుగానే. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తొలగించారు. జాతీయగీతం పాడుతుండగా వారు మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కారు. దేవుణ్ని తప్ప వేరెవరినీ స్తుతించరాదన్నది వారి విశ్వాసం. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1986 ఆగస్టు 11న జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి తీర్పు రాస్తూ, మౌనంగా నిలబడడం అగౌరవం కాదని తేల్చి, పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించారు. అది ప్రార్థన కేసు కాకపోయినా బడి వరుసలో మౌనానికి గల హక్కును అది స్థిరపరిచింది. నాసిక్‌లో ప్రార్థన సమయంలో చేతులు జోడించని ఉపాధ్యాయుడి వేతన ప్రయోజనాన్ని నిలిపివేసిన వివాదంలో, అలా బలవంతం చేయడం చెల్లదని బొంబాయి హైకోర్టు 2013లో పేర్కొంది. కేంద్రీయ విద్యాలయాల్లోని ప్రార్థనపై దాఖలైన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2019లో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.

బడి వరుసలో ప్రతి ఒక్కరూ నిస్సంకోచంగా చెప్పగల మాటలను కూర్చినవారూ తెలుగువారే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిన జాతీయ ప్రతిజ్ఞ దేశమంతటా పిల్లల నోట వినిపిస్తోంది. అందులో ఏ దేవుడి పేరూ లేదు. తోటి మనుషుల పట్ల బాధ్యతే ఉంది.

చివరి శ్వాస వరకు వేదికపైనే

గోరా 1949లో సంఘం పత్రికను, 1969లో ఎథీస్ట్ ఆంగ్ల మాసపత్రికను ప్రారంభించారు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని, మంత్రులు ఆడంబరాలు విడిచి సామాన్యుల్లా జీవించాలని కోరుతూ సేవాగ్రామం నుంచి ఢిల్లీ వరకు పాదయాత్ర చేశారు. 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి వడ్డించే స్నేహ విందు ఏర్పాటు చేశారు. హిందువులు, ముస్లింలు తమ ఆహార నిషేధాలను దాటి మనుషులుగా కలవాలన్నది ఆయన ఉద్దేశం. దానిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. భక్తుల మనసు నొప్పించే పద్ధతి అవసరమా అని ప్రశ్నించినవారున్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. అదే ఏడాది డిసెంబరులో తొలి ప్రపంచ నాస్తిక మహాసభను విజయవాడలో నిర్వహించారు.

1960లో కుమారుడు లవణం, మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. ఆ దంపతులు తరువాతి కాలంలో స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడిన వారి సంస్కరణకు, నిజామాబాద్ జిల్లాలో జోగినీల పునరావాసానికి పాటుపడ్డారు. దేవుని పేరిట ఆడపిల్లలను బలిచేసే ఆ దురాచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. మతాన్ని విమర్శించడంతో సరిపెట్టక, దాని పేరిట గాయపడినవారి గుడిసెలకు వెళ్లి పనిచేయడం ఆ కుటుంబం గోరా నుంచి నేర్చుకున్న పాఠం.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూనే గోరా కన్నుమూశారు. సరస్వతీ గోరా 2006 వరకు నాస్తిక కేంద్రానికి పెద్దదిక్కుగా నిలిచారు. గోరా శతజయంతి సంవత్సరమైన 2002లో తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. ఒకనాడు కళాశాల గుమ్మం నుంచి పంపివేయబడిన ఉపాధ్యాయుడి బొమ్మ దేశంలోని ప్రతి పోస్టాఫీసుకూ చేరింది.

ఆయన సిద్ధాంతంతో ఏకీభవించేవారు నాడూ కొద్దిమందే, నేడూ కొద్దిమందే. ఆయన వాదన అందరినీ ఒప్పించకపోవచ్చు. కానీ ఆయనకు జరిగినది ఎవరికీ జరగరాదన్న విషయంలో రాజ్యాంగం పక్షం వహించింది. ప్రార్థించే పిల్లవాడి భక్తికి ఎంత విలువ ఉందో, నోరు విప్పని పిల్లవాడి నిజాయతీకి అంతే విలువ ఉంది. ఆ తేడాను గుర్తించి, ఆ బిడ్డను వరుసలో నుంచి బయటకు పిలవని ఉపాధ్యాయుడు ఉన్న ప్రతి బడిలోనూ 28వ అధికరణ అమలవుతున్నట్లే.